పడవ తాత మళ్ళీ వచ్చిన వారం

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం బొమ్మసంద్ర నుండి కంపెనీ బస్సులో ఇంటికి వస్తున్నాను. హోసూరు రోడ్డు మీద బండ్లు కదలక కిటికీకి తల ఆనించి కూర్చుని ఉండగా, ఆనేకల్లో ఉండే మా పెద్దమ్మ కూతురు ఫోనుకు ఒక లింకు పంపింది. ఇరవై ఏళ్ళ క్రితం మేం పిల్లలందరం నోరు తెరుచుకుని చూసిన ఒక మాయల సినిమాను, అప్పట్లో నిడివి ఎక్కువైందని తీసేసిన సన్నివేశాలన్నీ కలిపి, రంగులు శుభ్రం చేసి, మొదట ఎంత తీశారో అంతా ఆదివారం నుండి ఫోన్లలో చూపిస్తారట. లింకు కింద అక్క ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం కొట్టింది. "ఈసారన్నా నీ పడవ తాత లేసొస్తాడేమో చూసి చెప్పే." పక్కన పగలబడి నవ్వే బొమ్మలు మూడు.

ఇందులో నవ్వడానికేముందో మీకు తెలియదు. నాకు మాత్రం ఆ వాక్యం చదవగానే చెవులు వేడెక్కాయి, పదేళ్ళప్పుడు వేడెక్కినట్టే. నాకింకా ముప్పై ఒకటే. జ్ఞాపకాలు రాసుకునే ఈడు కాదని నాకూ తెలుసు. కానీ రీళ్ళతో నడిచే టాకీసును లోపలి నుండి చూసిన ఆఖరి వరస పిల్లలం మేమే కాబట్టి, మా ఈడు వాళ్ళకైనా ఇది చెప్పుకోవచ్చనిపించింది.

మా అమ్మ వాళ్ళ నాన్న నగర్తపేట వెనక సందుల్లో ఒక పాత టాకీసులో ఆపరేటరుగా ఉండేవాడు. ఆ టాకీసు ఇప్పుడు లేదు. దాని చోట జరీ, లేసులు, గుండీలు టోకున అమ్మే అంగళ్ళు నాలుగంతస్తులు లేచాయి, ఆ సందులోంచి పోయినప్పుడల్లా సినిమా తెర ఏ అంగడి వెనక గోడ అయి ఉంటుందా అని చూస్తాను, ఇంతవరకూ తేల్చుకోలేదు. శనివారం ఒంటిపూట బడి వదలగానే మా అవ్వ క్యారియరు తీసుకుని బయలుదేరేది, నేను వెనకే. ఇనుప మెట్లెక్కి పోతే కేబిన్. అందులో ఇటుక బట్టీలా కాలుతూ రెండు మెషిన్లు, గోడలో అరచెయ్యంత చదరపు కిటికీలు. ముక్కాలిపీట ఎక్కి ఒక కిటికీకి ముఖం ఆనిస్తే, కింద చీకట్లో వందల తలలు, ఎదురుగా బొమ్మ. మెషిన్ల చప్పుడుకు మాటలు సగమే వినపడేవి, మిగతా సగం తాత చెప్పేవాడు, అది కూడా సినిమా వాళ్ళ తెలుగులో కాదు, మా ఇంటి తెలుగులో. అందుకే నాకు చాలాకాలం రాజులూ రాణులూ కూడా మా సందు వాళ్ళలాగే మాట్లాడుకుంటారనిపించేది.

నాకు తెలుగు చదవడం నేర్పింది కూడా ఆయనే. మా ఇళ్ళలో అందరం పుట్టినప్పటి నుండీ తెలుగే మాట్లాడతాం గానీ, చదవడం దాదాపు ఎవరికీ రాదు. బడిలో కన్నడం, పనిలో ఇంగ్లీషు, తెలుగు నోటికి మాత్రమే. తాత కడప వైపు నుండి వచ్చేటప్పుడు అక్షరాలు కూడా తెచ్చుకున్నాడు. అంటించకుండా మిగిలిన పోస్టర్లు కేబిన్ నేల మీద పరిచి, ఒక్కో అక్షరం మీద నా వేలు పెట్టించేవాడు. నేను మొదట చదివిన అక్షరాలు నా అరచేతికన్నా పెద్దవి. అక్క నా పక్కనే కూర్చుని రెండు రోజులు చూసి, ఇది పరీక్షలో రాదు కదా అని లేచిపోయింది.

తాతకు ఒక పేరుండేది: ఆయన వేసిన అతుకు తెర మీద తెలియదని. రీలు తెగినా, ఏదైనా ముక్క తీసేయాల్సి వచ్చినా, ఫిల్ము అంచును బ్లేడుతో గీకి, ముక్కుపుటాలు అదిరే ఘాటు జిగురు సన్నగా రాసి, రెండు కొసలూ కలిపి బొటనవేలితో నొక్కిపట్టి, పెదాలు కదలకుండా ఇరవై దాకా లెక్కపెట్టేవాడు. ఆ ఇరవై అయ్యేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. ఇప్పటికీ ఇంట్లో ఏ శుభకార్యమైనా, భోజనాలయ్యాక పెదనాన్న తమలపాకులు చుట్టుకుంటూ, "మామ చేతిలో ఒక అతుకు తప్పిందని ఎవడన్నా చెప్పమనండప్పా చూస్తాం" అని మొదలుపెడతాడు. అప్పుడు మా అవ్వ కొంగు సర్దుకుని కొంచెం నిటారుగా కూర్చుంటుంది.

ఆ సినిమా సంగతికి వస్తాను. ఒక ఊరి వానను మాంత్రికుడొకడు దొంగిలించి కుండలో పెట్టి మూత బిగిస్తాడు. ఆ ఊరి కుమ్మరి కూతురు వానను వెతుక్కుంటూ బయలుదేరుతుంది. మబ్బుల మీద పడవ నడిపే ఒక ముసలాయన ఆమెను ఎక్కించుకుంటాడు. ఏడో రీలులో మాంత్రికుడు పిడుగు విసిరి పడవను రెండు ముక్కలు చేస్తాడు. ముసలాయన ఆమెను ఒక కొండ మీదికి నెట్టి తాను మబ్బుల్లో మునిగిపోతాడు. ఆ కొండరాళ్ళకు తగిలి ఆమె ఓణీ చిరుగుతుంది, మిగతా సినిమా అంతా ఆ చిరిగిన ఓణీతోనే నడుస్తుంది. ఈ ఓణీని గుర్తు పెట్టుకోండి.

మొదటి వారం నాకు పరీక్షలు. రెండో వారానికి సినిమా పొడుగై రోజుకు నాలుగాటలు పట్టడం లేదని పంపిణీదార్ల నుండి ఉత్తరం వచ్చింది, ఫలానా ఫలానా రీళ్ళలో ఫలానా ముక్కలు తీయండని. తాత తీసి రేకు డబ్బాలో పెట్టాడు. నేను చూసింది ఆ చిన్న సినిమానే. పడవ తాత మునిగిపోయినప్పుడు ఎంత ఏడ్చానంటే, అవ్వ నన్ను మధ్యలోనే కిందికి తీసుకుపోయి సోడా తాగించింది. అక్క కూడా అదే వారం మెజెస్టిక్ వైపు పెద్ద టాకీసులో చూసి వచ్చింది.

నాలుగో వారం ఇంకో ఉత్తరం. జనం ఇంకా వస్తున్నారు, తీసిన వాటిలో రెండు ముక్కలు మళ్ళీ కలపండి, కొత్త సన్నివేశాలు కలిపామని బోర్డు పెట్టండి అని. అప్పట్లో అది మామూలే; చూసినవాళ్ళనే మళ్ళీ రప్పించే ఉపాయం. ఆ శనివారం నేను పీటెక్కి చూస్తుండగా ఒక వింత జరిగింది. పడవ తాత పోయాడు. ఆమె ఒంటరిగా కొండలు దాటింది, మాంత్రికుడి కోట దగ్గరపడింది. ఉన్నట్టుండి తెర మీద చలిమంట, మంట పక్కన పడవ తాత. నవ్వుతూ రొట్టె తుంచి పెద్ద ముక్క ఆమె చేతిలో పెట్టాడు. పక్కనే నిలబడిన మా తాత ఆయన మాటను నాకు అందించాడు. "పెద్దది నువ్వు తిను పాపా, నడిసేది నువ్వు గదా." అంతే, ఆ తరువాత ఆయన లేడు, ఆమె కోట తలుపు తోస్తోంది. కింద హాలంతా ఈలలు. నేను పీట మీద ఎగిరి ఎగిరి చప్పట్లు కొట్టాను.

ఇంటికి పరుగెత్తి అక్కకు చెప్పాను, సందులో పిల్లలందరికీ చెప్పాను. నేను నలుగురి ముందు నోరు విప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, అది వాటిలో పెద్దది. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని వింది.

"పెద్ద టాకీసులో రానిది మీ డొక్కు టాకీసులో వచ్చిందంటనా? పోయినోడు ఎట్లొస్తాడే?"

"వచ్చినాడక్కా. రొట్టె కూడా ఇచ్చినాడు."

"సుళ్ళు చెప్తే కండ్లు పోతాయి చూడు."

సుళ్ళంటే కన్నడంలో అబద్ధం. మా ఇళ్ళలో తెలుగు మాటకన్నా అదే ముందు నోటికొస్తుంది. తేల్చుకుందామని అక్క మరుసటి శనివారం పిల్లలందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు పడవ తాత రాలేదు. ఏడో రీలులో మునిగినవాడు మునిగినట్టే పోయాడు, సినిమా అయిపోయింది, దీపాలు వెలిగాయి. అందరూ నా ముఖం వైపు చూశారు. అక్క నా చెయ్యి పట్టుకుని ఇనుప మెట్లెక్కించి, కేబిన్ గుమ్మంలో నిలబెట్టి, తాతనే అడిగింది.

"ఇది చెప్పేది నిజమేనా తాతా? పడవాయప్ప మళ్ళా వచ్చినాడా?"

తాత ఒక్క క్షణం నన్ను చూశాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. కొత్త ఫ్రేము, నల్లగా మెరుస్తోంది, అది మాత్రం ఎందుకో బాగా గుర్తుండిపోయింది. "అట్లాంటిది ఏముండాది పాపా," అన్నాడు. "నిద్దర్లో చూసుంటుంది."

ఆ రోజు నుండి పెళ్ళయి ఆనేకల్ పోయేదాకా, నేనేం చెప్పినా అక్క, "నిద్దర్లో చూసినావా?" అనేది. ఇంట్లో అందరికీ అలవాటైంది. పిల్ల మంచిదే గానీ కల్పించి చెప్తుంది అన్నారు. చెడ్డగా కాదు, ముద్దుగానే అన్నారు, అయినా నేను చెప్పడం తగ్గించేశాను. ఆ వారంలోనే తాత నాకు ఒక డైరీ తెచ్చిచ్చాడు. పంపిణీదార్లు టాకీసులకు పంచేవి, అట్ట మీద సినిమా రీలు బొమ్మ. "చూసింది చూసినట్టు రాసి పెట్టుకో. ఎవరు లేదన్నా అది ఉంటాది," అన్నాడు. నేను అందులో మొదటి పేజీలో పడవ తాత మళ్ళీ రావడం రాసుకున్నాను, తెలుగులో, ఎందుకంటే తెలుగులో రాస్తే ఇంట్లో తాత తప్ప ఇంకెవరూ చదవలేరు. ఆనాటి నుండి ఈనాటి వరకూ డైరీ రాయని రోజు తక్కువ. తాత పోయి పదేళ్ళయింది.

తరువాత టీవీలో ఆ సినిమా వచ్చిన ప్రతిసారీ చూశాను. టీవీలో వచ్చేది చిన్నది, చలిమంటే లేదు. పదిసార్లు లేకపోయేసరికి నాకూ అనుమానం వచ్చింది. నిజంగానే నిద్దర్లో చూశానేమో. ఒక మనిషి తన పదేళ్ళ కళ్ళను తానే నమ్మకపోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకు తెలుస్తుంది. అప్పటి నుండి ఏది గుర్తొచ్చినా, ఇది జరిగిందా, నేను కల్పించానా అని ఒకసారి తడిమి చూసుకుంటాను. విచిత్రమేమంటే చివరికి నాకు దొరికిన ఉద్యోగం కూడా అదే. బొమ్మసంద్రలో మందుల కంపెనీలో, మందు డబ్బాలో పెట్టే కాగితం పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, స్కేలు ఆనించి, వరస తరువాత వరస తేడాలు పట్టుకోవడం. ఒక చుక్క మారినా పట్టుకుంటానని మా సెక్షన్లో పేరు.

కాబట్టి ఆ ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, నేను పనికి కూర్చున్నట్టే కూర్చున్నాను. ఒడిలో పాత డైరీ, చేతిలో పెన్సిలు, ఎదురుగా టీవీకి కలిపిన ఫోను. మంచం మీద అవ్వ గోడకు ఆనుకుని, చూస్తోందో కునుకు తీస్తోందో తెలియకుండా ఉంది.

చిన్న సినిమాకూ పెద్ద సినిమాకూ ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు. కుమ్మరి కూతురికి ఒక తమ్ముడున్నాడని నాకు ఇంతకాలం తెలియదు. ఆమె ఇల్లు వదిలేటప్పుడు తండ్రి చక్రం తిప్పడం ఆపకుండా, తల ఎత్తకుండా కూర్చునే చోటు ఒకటుంది. అది ఎందుకు తీసేశారో గానీ, అది లేకపోవడం వల్లే ఆమె అంత సులభంగా వెళ్ళిపోయినట్టు మాకు అనిపించేది. కొన్ని తీసేయడమే మంచిదయింది కూడా. మొదట్లోనే మాంత్రికుడి కోటలో వచ్చే మరుగుజ్జుల పాట ఒకటి ఎంతకూ అవలేదు, అవ్వ గురక అప్పుడే మొదలయింది. వాటన్నిటినీ డైరీ కొత్త పేజీలో రాసుకుంటూ పోతున్నాను.

అప్పుడు వచ్చింది. చలిమంట, పడవ తాత, రొట్టె. కానీ ఆయన ఇంకా చావలేదు. పిడుగు ఇంకా పడలేదు. పడవ ఎక్కిన మొదటి రాత్రి, మబ్బుల అంచున పడవ కట్టేసి, ఇద్దరూ చలి కాచుకుంటున్నారు. రొట్టె తుంచి పెద్ద ముక్క ఆమెకు ఇచ్చి, నడవాల్సినదానివి నువ్వు కదమ్మా అన్నాడు. మరి కాసేపటికి పిడుగు పడింది, ఆయన మునిగిపోయాడు, ఇక రాలేదు. ఆమె కోట చేరేదాకా కళ్ళార్పకుండా చూశాను. కోట దగ్గర, నా పడవ తాత వచ్చిన చోట, మాంత్రికుడు హోమగుండం ముందు కూర్చుని నవ్వే ముక్క ఒకటి వచ్చింది.

ఆపి, డైరీ మొదటి పేజీ తిప్పాను. పెన్సిలుతో, వంకర అక్షరాలతో, ఇలా ఉంది: పడవ తాత వచ్చినప్పుడు ఆమె ఓణీ చిరగలేదు. ఆయన పోయినాక మళ్ళీ చిరిగింది. అది మాయ.

ఆ మూడు వాక్యాలనూ పెన్సిలు ఆనించి ఒక్కొక్కటీ మళ్ళీ చదివాను. పదేళ్ళ పిల్లకు అది మాయగా కనిపించింది. కాగితాలు పోల్చి చూసే మనిషికి అందులో ఒక అతుకు కనిపించింది. ముందు రావాల్సిన ముక్క వెనక వచ్చింది. చిరగని ఓణీ చిరిగిన ఓణీల మధ్య ఇరుక్కుంది. నేను నిద్దర్లో చూడలేదు.

అవ్వను తట్టి లేపి అడిగాను. ఆమె లేచి కూర్చుని టీవీలో ఆగిపోయిన బొమ్మను చూసింది.

"ఆ వారం మీ తాత కండ్లద్దాలు పగిలిపోయింటివి," అంది. "కేబిన్ మెట్ల మీద తానే తొక్కుకున్నాడు. కొత్తవి రావాలంటే వారం పడతాదన్నాడు అద్దాలంగడాయప్ప. మేనేజరుకు చెప్తే, కండ్లు కనపడనోన్ని పెట్టుకుని నేనేం చేసుకోవాలంటాడని, నోరు మూసుకుని ఉండిపోయినాడు. కలపమన్న ముక్కలు రెండు. లైటుకెత్తి చూస్తే రెండింట్లోనూ మంటే కనపడిందంట. దీన్ని దాంట్లో, దాన్ని దీంట్లో పెట్టేసినాడు."

"మరి మాంత్రికుడి ముక్క పడవలో వచ్చిందా? ఎవరూ అడగలేదా?"

"వాడు మొదట్నుంచీ నవ్వతానే ఉండె గదా. ఇంకోసారి నవ్వితే ఎవరికి కావాల?" అవ్వకు నవ్వొచ్చింది. "మొదటాటకు నేను క్యారియరు తీసుకుని పోయింటి. పోయినోడు కూచుని రొట్టె తింటా ఉండాడు. మీ తాత మొకంలో నెత్తురు లేదు. పని పోయిందే అన్నాడు. అంతలో కింద ఈలలు. ఒకడు లేసి నిలబడి, సచ్చినోడు వచ్చినాడప్పా, టీ తెప్పీండి అని అరిసినాడు."

"మళ్ళీ మార్చలేదా అవ్వా?"

"మారుస్తానన్నాడు. మర్నాడు నువ్వొస్తివి. నువ్వు ఆ పీట మీద గంతులేసేది చూసి బ్లేడు కింద పెట్టేసినాడు. వారమైతే ఆ ముక్కలు తీసి వెనక్కు పంపేదే గదా, ఉండనీలే అన్నాడు."

నేను అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. ఇరవై ఏళ్ళుగా మిగిలింది. అడగకముందే అవ్వ చెప్పింది. ఆ రోజు అక్క నన్ను కేబిన్ గుమ్మంలో నిలబెట్టినప్పుడు, తలుపు వెనక మేనేజరు ఉన్నాడట, వెనక్కు పంపాల్సిన ముక్కలు చూసుకోవడానికి వచ్చి. అవునంటే తాత తప్పు బయటపడేది. ఆయన ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదట. "నా పని నిలబెట్టుకునేదానికి పిల్లను సుళ్ళుదాన్ని చేస్తినే," అన్నాడట. ఆ తరువాతే పోయి డైరీ అడిగి తెచ్చాడు.

అంటే, ఇన్నేళ్ళూ నేను దాచుకున్నదంతా ఏ పుస్తకాల్లో రాశానో, ఆ వరసలో మొదటిది ఆయన నాకు చెప్పుకోలేని మాటకు బదులుగా ఇచ్చింది. కోపం వస్తుందేమో అని చూశాను, రాలేదు. ఆ కొత్త ఫ్రేము మెరుపు ఎందుకంత గుర్తుండిపోయిందో మాత్రం ఇప్పుడు తెలిసింది.

"మీ అక్కకు చెప్పుకోవే," అంది అవ్వ. "ఇప్పుడు మీ తాతను పనిలోంచి తీసేసేవాళ్ళు ఎవరుండారు?"

ఫోను తీశాను. డైరీ పేజీ ఫోటో తీసి, ఓణీ సంగతి రాసి పంపితే చాలు, అక్క మూడు రోజులు నోరెత్తదు. కానీ అక్కకు పంపితే పెదనాన్నకు పోతుంది, పెదనాన్నకు పోతే వచ్చే నెల పెళ్ళిలో తమలపాకుల దగ్గర ఆ మాట ఇంకోలా మొదలవుతుంది. అవ్వ కొంగు సర్దుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. రెండే మాటలు కొట్టాను: రాలేదక్కా. వెంటనే జవాబొచ్చింది. "నేను అప్పుడే చెప్పలే? నిద్దర్లో చూసినావు." మళ్ళీ మూడు నవ్వుబొమ్మలు. ఈసారి చెవులు వేడెక్కలేదు.

సినిమా మిగతాది అవ్వతో కలిసి చూశాను. వాన కుండలోంచి బయటికొచ్చింది, ఊరు తడిసింది, పేర్లు పడ్డాయి. అవ్వ కాసేపు ఆ పేర్లనే చూస్తూ, "ఇందులో పడవాయప్ప మళ్ళా రానే రాలేదే," అంది, తప్పు ఎక్కడ జరిగిందో ఇందాక తానే చెప్పి కూడా. రాడవ్వా అన్నాను. "మన టాకీసులోదే బాగుండె," అని అటు తిరిగి పడుకుంది.

నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఆ రొట్టె మాట పడవ తాత బతికి ఉండగా చెప్తే ఒక ముసలాయన మంచితనం; పోయినవాడు తిరిగొచ్చి చెప్తే వేరు. తీసినవాళ్ళకు ఆ ఆలోచన వచ్చి ఉండదు, అద్దాలు పగిలిన మనిషి చేతికి వచ్చింది. ఇప్పుడు ఆనేకల్లో అక్క ఫోనులో వచ్చేదీ, నగర్తపేటలో నా ఫోనులో వచ్చేదీ ఒకటే సినిమా, ఒక గింజంత తేడా ఉండదు. దారిలో ఎవరూ గీకరు, అతకరు, ఊపిరి బిగబట్టి ఇరవై లెక్కపెట్టరు. ముందు ముందు వేరే వేరే ఊళ్ళ పిల్లలు కలిసినప్పుడు, మా టాకీసులో వచ్చింది మీకు రాలేదా అని కొట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

చిన్నదీ చూశాను, పెద్దదీ చూశాను. మూడోది ఒక్క వారం ఆడింది, ఇక ఎక్కడా దొరకదు. దానికి మిగిలిన సాక్ష్యం డైరీలో ఒక పేజీ, అవ్వ నోట్లో నాలుగు మాటలు. అక్కకు చెప్పకుండా దాచానని మీరనుకోవద్దు. అంతా ఇక్కడ రాసిపెట్టాను. ఎప్పుడో ఒకసారి ఇది ఆమె చేతిలోనూ పడవచ్చు, వేలు పెట్టి ఒక్కో అక్షరం చూడవచ్చు. ఆ పోస్టర్ల దగ్గర ఇంకో నాలుగు రోజులు కూర్చుని ఉంటే చదువుకునేది కూడా.